ఒకే ఊరు, ఇద్దరమే: ప్రాగ్ ప్రయాణానికి మేం సిద్ధమైన తీరు

మా పెళ్ళిరోజు మే మొదటి వారంలో వస్తుంది. పిల్లలకి అప్పుడు వేసవి సెలవులు, తణుకులో అమ్మమ్మగారింటికి వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళూ మేమూ వాళ్ళ వెంటే వెళ్ళేవాళ్ళం. కాదంటే తిరుపతో, అరకో, ఎక్కడికెళ్ళినా ఇంటిల్లిపాదీ కలిసే. పదో పెళ్ళిరోజుకి మాత్రం మనిద్దరమే వెళ్దాం అన్నారు మా ఆయన. ఎక్కడికి అనేది నాకే వదిలేశారు. నేను కోరుకున్నది పెద్దదేం కాదు. యూరప్‌లో ఒక పాత ఊరు. కాలినడకన తిరగడానికి వీలుండాలి. రాత్రి భోజనం అయ్యాక నది పక్కన నడుచుకుంటూ గదికి చేరుకోగలగాలి. మధ్యలో ఎవరూ "టైమైంది, బస్సెక్కండి" అనకూడదు.

ఆ చివరిదాని దగ్గరే అందరితోనూ పేచీ వచ్చింది. "అంత డబ్బు పోసి యూరప్ దాకా వెళ్తూ ఒక్క ఊరేనా?" అన్నారు అత్తయ్య. మా ఆడపడుచు వాళ్ళు అంతకుముందు ప్యాకేజీలో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ అన్నీ చుట్టి వచ్చారు కాబట్టి ఆవిడకి అలా అనిపించడం సహజమే. ట్రావెల్స్ ఆఫీసులో అబ్బాయి కూడా "ఇదే రేటుకి ఇంకో మూడు దేశాలు కలుపుతాను మేడమ్" అన్నాడు. అతనిచ్చిన షెడ్యూల్ ఇంటికి తెచ్చి చదివాను. ఒక్కో పెద్ద ఊరికి ఒక పగలు. తెల్లారి ఆరున్నరకల్లా పెట్టెలు గది బయట పెట్టాలి. గొప్ప గొప్ప కట్టడాల దగ్గర ఫోటోలు తీసుకునేంతసేపు ఆపుతారు. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అలాంటి టూర్ చాలా సౌకర్యం, నేను కాదనను. కానీ ఈ పదేళ్ళలో మేం ఊళ్ళు చూడలేదని ఎప్పుడూ బాధపడలేదు. ఇద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడమే కరువైంది. దొరక్క దొరక్క దొరికిన ఆ నాలుగు రోజులనీ తీసుకెళ్ళి బస్సులో ధారపోయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ మాటే అత్తయ్యకి నెమ్మదిగా చెప్పాను. ఆవిడ ఇంకేం అనలేదు.

ఏ ఊరు అన్నది తేలడానికి కొన్ని వారాలు పట్టింది. పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పారిస్ మీద ఆశ ఉంది గానీ ఊరి మధ్యలో గది అద్దెలు చూసి ఆగిపోయాం. చవగ్గా వస్తుందని శివార్లలో దిగితే రోజూ మెట్రోలోనే పొద్దు గడిచిపోతుంది. బెల్జియంలో బ్రూజ్ బొమ్మరిల్లులా ఉంటుంది, అయితే మేం ఉండాలనుకున్నన్ని రోజులకి మరీ చిన్నది. చివరికి చెక్ రాజధాని ప్రాగ్ దగ్గర ఇద్దరి మనసూ నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో ఎన్నో పాత నగరాలు నేలమట్టమైతే, ప్రాగ్ పాత ఊరు పెద్దగా దెబ్బతినకుండా మిగిలింది. 1992లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. వల్తావా నదికి ఒక పక్క పాత ఊరు, రెండో పక్క కొండ మీద కోట, కోట కింద మాలా స్ట్రానా అనే పాతపేట. పాత ఊరి కూడలి నుంచి కోట దాకా ఆగుతూ ఆగుతూ నడిచినా గంట పట్టదు.

ఇంకో సంగతి కూడా నన్ను పట్టేసింది. నది మీద చార్లెస్ బ్రిడ్జ్ ఉంది కదా, దాన్ని కట్టించింది నాలుగో చార్లెస్ చక్రవర్తి. శంకుస్థాపనకి జ్యోతిష్కులు ముహూర్తం పెట్టారని అక్కడ చెప్పుకుంటారు: 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, తెల్లవారి 5 గంటల 31 నిమిషాలు. ఆ అంకెలన్నీ వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ఎటు నుంచి చదివినా ఒకటే. మాది కూడా తెల్లవారుజాము ముహూర్తమే. పెళ్ళిరోజు నాడు పొద్దున్నే 5:31కి ఆ వంతెన మీద ఉండాలని అప్పుడే అనుకున్నాం. చూస్తే మే మొదటి వారంలో ప్రాగ్‌లో సూర్యోదయం కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే, ఐదున్నరకి అటూ ఇటూగా ఉంటుంది. ఎండాకాలంలో మన టైముకి వాళ్ళది మూడున్నర గంటలు వెనక. వాళ్ళకి ఐదున్నర అంటే మన హైదరాబాద్‌లో తొమ్మిది. అంటే మొదటి రెండు మూడు రోజులు అలారం లేకుండానే మెలకువ వచ్చేస్తుంది. మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ఇదో వరం. జనం లేచేలోపు ఊరంతా మనదే.

ఒక్క ఊరే అనుకోవడం వల్ల అన్నిటికంటే తేలికైంది వీసా. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. నాలుగు దేశాలు తిరిగేవాళ్ళు ఎక్కడ ఎన్ని రాత్రులు, మధ్యలో ఏ రైలు అన్నీ కాగితాల్లో చూపించాలి. మాకు ఒకే హోటల్ బుకింగ్, ఒకే రానూపోనూ ప్రయాణం, కవరింగ్ లెటర్ ఒక పేజీ. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపోవాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలని నిబంధన, కేసుని బట్టి 45 రోజుల దాకా పోవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి సంక్రాంతి వెళ్ళగానే ఫైలు మొదలుపెట్టాం. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. వీసా వచ్చేదాకా హోటల్ క్యాన్సిల్ చేసుకోగలిగేదే తీసుకున్నాం, విమానం టికెట్‌కి రిజర్వేషన్ కాగితం మాత్రమే పెట్టాం.

అయితే ఒక కాగితం దగ్గర ఆగాల్సి వచ్చింది. నా పాస్‌పోర్టు ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంది. మా ఆయనది వేరే ఇంటిపేరు. ఖర్చంతా ఆయన అకౌంట్ నుంచే చూపిస్తున్నాం. మేం భార్యాభర్తలమని చెప్పే పత్రం ఫైల్లో ఉండాలి. మనవాళ్ళలో చాలామందిలాగే మేం కూడా పెళ్ళి రిజిస్టర్ చేయించలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుంటే వయసు, చిరునామా పత్రాలతో పాటు పెళ్ళి ఫోటో, శుభలేఖ, సాక్షులు కావాలన్నారు. ఫోటోలకేం కొదవ లేదు. శుభలేఖ ఎక్కడుంటుంది? మా ఇంట్లో ఒక్కటి కూడా మిగల్లేదు. అమ్మకి ఫోన్ చేస్తే బీరువా పై అరలో, పట్టుచీరల మధ్య దాచిన కవర్ తీసి మర్నాడే కొరియర్ చేసింది.

ఆ రాత్రి కవర్ విప్పాం. పసుపు రాసిన నాలుగు మూలలూ ఇంకా పసుప్పచ్చగానే ఉన్నాయి. పైన వినాయకుడి బొమ్మ బంగారు రంగు కొంచెం వెలిసింది. "మా ద్వితీయ పుత్రిక" అని నా పేరు. ఆహ్వానించేవాళ్ళలో ముందు మా తాతగారి పేరు ఉంది. ఇప్పుడాయన లేరు. మా ఆయన ఆ కార్డు చేతిలో పట్టుకుని ముహూర్తం దగ్గర వేలు పెట్టి, "ఇంత పొద్దున్న ఎలా లేచామో" అన్నారు. అసలు ఆ రాత్రి పడుకున్నదెవరు అన్నాను. అక్కడి నుంచి మాటలు ఎటెటో వెళ్ళాయి. విడిదింట్లో నీళ్ళు రాకపోవడం, తలంబ్రాలప్పుడు ఆయన నెత్తి మీద నేను దోసిళ్ళ కొద్దీ పోసేయడం, అప్పగింతలప్పుడు మా నాన్న కనిపించకుండా వెనక్కి వెళ్ళిపోవడం. వీసా ఫైలు పక్కన పడి ఉంది. ఒంటిగంట దాటాక పడుకున్నాం. సర్టిఫికెట్ చేతికొచ్చాక శుభలేఖని మళ్ళీ అమ్మకి పంపలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

వీసా రావడానికి మూడు వారాలకు పైనే పట్టింది. ఆ రోజులన్నీ టెన్షనే. పాస్‌పోర్టులు వచ్చాక గానీ టికెట్లు కొనలేదు. హైదరాబాద్ నుంచి ప్రాగ్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ ఏదో ఒక చోట మారాలి. రెండు గంటల్లోపు మారాల్సినవి వదిలేసి, కాస్త వ్యవధి ఉన్నది, మధ్యాహ్నం దిగేది చూసుకున్నాం.

గది విషయంలో నేను మొండిగా నిలబడ్డాను. డబ్బు ఆదా చేయాలంటే తిండిలో చేద్దాం, షాపింగ్‌లో చేద్దాం, గది మాత్రం ఊరి మధ్యలోనే అన్నాను. పాత ఊరి కూడలి చుట్టుపక్కల రాత్రి పొద్దుపోయేదాకా బార్ల సందడి ఉంటుంది. వినోహ్రాడీ అనే పేట వైపు ప్రశాంతంగా ఉంటుంది, చవక కూడా, కానీ ప్రతిసారీ ట్రామ్ ఎక్కాలి. మాలా స్ట్రానాలో ఒక చిన్న హోటల్ దొరికింది. పాత భవనం, లిఫ్ట్ లేదని ముందే రాశారు. అందుకే పెద్ద సూట్‌కేసులు వద్దనుకుని తలో చిన్నది సర్దుకున్నాం. ఆ వీధులన్నీ రాళ్ళు పరిచినవి. చక్రాల పెట్టె లాగితే చప్పుడుకి చప్పుడు, చేతులకి నొప్పి. ఎయిర్‌పోర్టు నుంచి 59వ నంబర్ ట్రాలీబస్సు ఎక్కి వెలెస్లవీన్ స్టేషన్‌లో దిగి, అక్కడ మెట్రో ఎ లైన్ పట్టుకుంటే నాలుగో స్టాపే మాలోస్ట్రాన్‌స్కా. 72 గంటల పాస్ ఒకటి తీసుకుంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ చెల్లుతుంది. కాగితం టికెట్ అయితే మొదటిసారి మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మామూలు బట్టల్లోనే తనిఖీవాళ్ళు వస్తారు, ముద్ర లేకపోతే జరిమానా.

డబ్బు గురించి ఒక మాట. చెక్ వాళ్ళు యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా వాళ్ళ డబ్బు యూరో కాదు, కొరునా. యూరోలు నింపిన ఫోరెక్స్ కార్డు గీకితే మళ్ళీ మారకం పడుతుంది. మేం రెండు కార్డుల చార్జీలు పోల్చి చూసుకుని తక్కువున్నది తీసుకెళ్ళాం. ఏటీఎంలోనూ షాపుల్లోనూ "మీ రూపాయల్లో చూపించమంటారా" అని మెషిన్ అడిగినప్పుడు వద్దని కొరునాల్లోనే కట్టాలి. టూరిస్టు వీధుల్లో డబ్బు మార్చే కొట్ల బోర్డుల మీద ఊరించే రేట్లు ఉంటాయి, తీరా మారిస్తే చేతికొచ్చేది వేరు. అయితే ఒక మంచి చట్టం ఉంది. 2019 నుంచి, వెయ్యి యూరోల లోపు మార్చినదైతే మూడు గంటల్లోపు రసీదుతో వెనక్కి వెళ్ళి రద్దు చేసుకోవచ్చు.

తిండి దగ్గర నాదొక గొడవ, ఆయనదొక గొడవ. నేను మాంసం తినను. ఆయన కోడి, చేప తింటారు గానీ గొడ్డు మాంసం, పంది మాంసం తినరు. అక్కడి వంటల్లో ఎక్కువ భాగం ఆ రెండే. గులాష్ అనే కూరలో సాధారణంగా గొడ్డు మాంసమే. మెనూలో హోవెజీ అంటే గొడ్డు, వెప్రోవే అంటే పంది, కఖ్నా అంటే బాతు అని ఫోన్‌లో రాసి పెట్టుకున్నారు. ఆయనకి బాతు, క్యాబేజీ, క్నెద్‌లికీ అనే ఉడికించిన పిండి ముద్దలు బాగా నచ్చాయి. నాకు బ్రంబోరాక్ అనే బంగాళదుంప అట్టు, వేయించిన చీజ్. వారం మధ్యలో మధ్యాహ్నం పూట చాలా హోటళ్ళలో ఆ రోజు మెనూ అని తక్కువ ధరకే భోజనం పెడతారు. రాత్రికంటే పగలు కడుపునిండా తిన్నది అందుకే. అమ్మ నెయ్యి సీసా, కోవా కట్టిస్తానంది గానీ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. కందిపొడి, మాగాయ, పులిహోర గుజ్జు మాత్రం సీల్ చేయించి పట్టుకెళ్ళాం.

ఇక ఎప్పుడు ఏం చూడాలి అన్నది. ఇక్కడ మేం పెట్టుకున్న నియమం ఒకటే. రోజుకి టికెట్ కొని చూసేది ఒక్కటే ఉండాలి. మిగతాదంతా ఖాళీ. బావగారు చెస్కీ క్రుమ్‌లోవ్ తప్పకుండా చూసి రమ్మన్నారు. నిజంగానే గొప్ప ఊరంటారు, కానీ బస్సులో రానూపోనూ ఐదారు గంటలు. వద్దనుకున్నాం. కోటకి ఒక రోజు. లోపల సెయింట్ విటస్ చర్చి కట్టడం 1344లో మొదలై 1929కి పూర్తయింది. దాదాపు ఆరు వందల ఏళ్ళు కట్టిన ఇల్లు అది. మొదలుపెట్టినవాళ్ళకి పూర్తవడం చూడలేమని తెలిసే ఉంటుంది. అయినా పునాది తవ్వారు. ఎడమ చేతి వైపు ముఖా అనే చిత్రకారుడు గీసిన రంగుటద్దాల కిటికీ ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. పెళ్ళిరోజు సాయంత్రానికి ఎస్టేట్స్ థియేటర్‌లో పై వరస టికెట్లు ముందే కొన్నాం. 1787లో మొజార్ట్ తన కొత్త ఒపెరాని మొదటిసారి స్వయంగా నడిపించింది అక్కడే. పై వరస సీట్లు చవక. కొన్ని చోట్ల నుంచి వేదిక ఒక పక్క కనబడదు, పాట మాత్రం పూర్తిగా వినబడుతుంది.

అనుకున్నట్టే పెళ్ళిరోజున ఐదింటికల్లా గదిలోంచి బయటపడ్డాం. చలి గట్టిగానే ఉంది. నేను చీర మీద కోటు వేసుకున్నాను. 516 మీటర్ల వంతెన మీద మాతో కలిపి పాతిక మంది కూడా లేరు. పగలు అదే చోట భుజాలు రాసుకుంటూ నడవాలి. ఆ పాతిక మందిలోనూ సగం మంది ఫోటోగ్రాఫర్లు, పెళ్ళిబట్టల్లో ఉన్న జంటలు. తెల్ల గౌను కుచ్చెళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని ఒకమ్మాయి చలికి వణుకుతూనే నవ్వుతోంది. రెండు వైపులా ముప్ఫై విగ్రహాలు, మసి పట్టినట్టు నల్లగా. సూర్యుడు పాత ఊరి బురుజు వెనక నుంచి వచ్చాడు. ముందు వెలుగు పడింది మా మీద కాదు, ఎదురుగా కొండ మీద కోట మీద. ఆ వెలుగు మెల్లగా కిందికి దిగి మాలా స్ట్రానా ఇళ్ళ ఎర్ర పెంకుల మీదికొచ్చింది. నెపోముక్ అనే ఫాదరీని 1393లో రాజు ఆజ్ఞతో ఈ నదిలోకే తోసేశారు. ఆయన విగ్రహం కింద కంచు పలకలో కొంత భాగం జనం చేతులు తగిలి తగిలి మిలమిలా మెరుస్తోంది. ఇద్దరం అక్కడ చెయ్యి పెట్టి మనసులో ఏదో కోరుకున్నాం. ఏం కోరుకున్నావని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

పాత ఊరి గడియారం 1410 నాటిది. గంట గంటకీ బొమ్మలు బయటికొస్తాయని జనం గుంపుగా పైకి చూస్తూ ఉంటారు. మా ఆయన బొమ్మలకంటే దాని ముఖాన్నే ఎక్కువసేపు చూశారు. అదొక గోడకి బిగించిన పంచాంగం. సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో చూపిస్తుంది. పాత చెక్ పద్ధతిలో సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే గంటలు కూడా ఉన్నాయి. ఆ రోజు దాని ప్రకారం సూర్యుడు వృషభంలోకి వచ్చేశాడు. మన పంచాంగంలో ఇంకా మేషమే. రెండు పద్ధతులూ రాశుల మొదలుని వేరువేరు చోట్ల నుంచి లెక్కపెట్టడం వల్ల వచ్చే అయనాంశ తేడా అది. ఫోన్‌లో చెబితే మా నాన్న ఎంత సంతోషించారో! ఫోటో పంపమని మళ్ళీ మళ్ళీ అడిగారు.

ఖాళీగా వదిలిన మధ్యాహ్నాల్లో ఏం చేశారని చాలామంది అడిగారు. వాలెన్‌స్టైన్ గార్డెన్ అని సెనేట్ భవనం వెనక తోట ఉంది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా తెరుస్తారు, టికెట్ లేదు. నెమళ్ళు మన కాళ్ళ పక్క నుంచే నడిచిపోతుంటాయి. ఆ బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. పెద్దబాబు చదువు గురించి, మియాపూర్ ఇల్లు మారాలా వద్దా అన్నదాని గురించి, నేను మళ్ళీ ఉద్యోగంలో చేరడం గురించి. హైదరాబాద్‌లో ఈ మాటలన్నీ సగంలో ఆగిపోయేవి. ఎవరో ఒకరు పిలిచేవారు, లేదంటే కుక్కర్ విజిల్. అక్కడ పూర్తిగా మాట్లాడుకున్నాం. ఉద్యోగం విషయం ఆ బెంచీ మీదే తేలింది. జులై నుంచి వెళ్తున్నాను.

ఇంకో సాయంత్రం నేషనల్ థియేటర్ దగ్గర దీవిలో తొక్కే పడవ అద్దెకి తీసుకున్నాం. చార్లెస్ బ్రిడ్జ్‌కి ముందే నదికి అడ్డంగా చిన్న ఆనకట్ట ఉంది, దాని ముందు దాకానే వెళ్ళొచ్చు. మేలో ఎనిమిది దాటాక గానీ పొద్దు గుంకదు కాబట్టి ఏడింటికి ఎక్కినా బోలెడు వెలుతురు. పెత్రిన్ కొండ మీదకి నడిచి వెళ్ళిన రోజు చెర్రీ పూలు చాలావరకు రాలిపోయాయి. మే 1న అక్కడి జంటలు పూసిన చెట్టు కింద ముద్దు పెట్టుకుంటారు, ఆ కొండ మీదున్న మాచా అనే కవి విగ్రహం దగ్గర పూలు పెడతారు. మేం వెళ్ళేసరికి ఆ పూలు ఇంకా వాడకుండా అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు మా మరిది వాళ్ళు దసరా సెలవులకి బుడాపెస్ట్ అనుకుంటున్నారు. మా ఫైలు అడిగి తీసుకెళ్ళారు. తోటికోడలికి కొన్ని చెప్పాను. ఇన్సూరెన్స్, హోటల్, టికెట్ అన్నిటికంటే ముందు పాస్‌పోర్టుల్లో పేర్లు, ఇంటిపేర్లు సరిచూసుకోమన్నాను. ఇద్దరివీ కలవకపోతే పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి నెల ముందే వెళ్ళమన్నాను. పక్కనే వియన్నా ఉందిగా అక్కా, రైల్లో రెండున్నర గంటలేనట, అదీ కలిపేద్దామా అంది. నీ ఇష్టం గానీ, ముందు బుడాపెస్ట్‌లో డాన్యూబ్ ఒడ్డున గది చూడు, చూశాక చెప్పు అన్నాను. నిన్న రాత్రి నాలుగు హోటళ్ళ లింకులు పంపింది. వియన్నా మాట ఎత్తలేదు.